పంపాను, పంపాడు, పంపడం జరిగింది: ఒక వీడియో గేమ్‌ను సాహిత్య తరగతిలో చదివిన కేసు

"నిర్బంధించడం జరిగింది."

ఒక విద్యార్థి సరిహద్దు తనిఖీ గేమ్ ఒకటి ఆడుతూ రాసిన డైరీలో ఈ వాక్యం దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. అంతకుముందు పేజీలన్నింటిలో అతను "పంపాను", "ఆపాను", "స్టాంపు వేశాను" అనే రాశాడు. తప్పు చేసిన చోట కూడా "చూసుకోలేదు, పొరపాటు నాదే" అని ఒప్పుకున్నాడు. ఉన్నట్టుండి ఇక్కడ కర్త మాయమయ్యాడు. ఉత్తర్వులు, నివేదికలు రాసేవాళ్లు తప్ప మనస్ఫూర్తిగా ఎవరూ వాడని ఆ "జరిగింది", ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేని సొంత డైరీలోకి ఎలా వచ్చింది? ఆ ప్రశ్న తగలకపోయి ఉంటే ఈ కేసు రాసేవాణ్ణి కాదు.

నేను పాఠం చెప్పేది కథన శాస్త్రం, అంటే కథ చెప్పే తీరును పరిశీలించే విద్య. నవల, కథానిక నా రోజువారీ పని. వీడియో గేములు ఆడే అలవాటు చాలాకాలంగా ఉన్నా, వాటిని కథనాలుగా చదివే సెమినార్ నడపడం అదే మొదటిసారి. 14 మంది విద్యార్థులు, ఒక సెమిస్టరు, ఒకే ఒక ఆట: 'పేపర్స్, ప్లీజ్'. మొదటి సగం దెబ్బతింది. అదీ రాస్తాను, ఎందుకంటే రెండో సగం దాంట్లోంచే పుట్టింది.

ఎందుకు ఆ ఆటే

సాహిత్యంవాళ్లం గేముల వైపు వెళ్లినప్పుడు చేతికి ముందుగా తగిలేవి మనలాంటి ఆటలే. 2013లో వచ్చిన 'గాన్ హోమ్'లో ఖాళీ ఇంట్లో తిరుగుతూ ఉత్తరాలు, చీటీలు చదువుకుంటాం. చెల్లెలి గొంతు తన కథ చెబుతూ ఉంటుంది. 2017 నాటి 'వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్'లో ఒక కుటుంబంలోని ఒక్కొక్కరి మరణం ఒక్కో కథానిక. అందులో చేపల కర్మాగారంలో పనిచేసే యువకుడి అధ్యాయం ఉంది. ఒక చేత్తో చేపల తలలు నరుకుతూనే, రెండో చేత్తో అతని ఊహల్లోని రాజ్యంలో నడవాలి. కాసేపటికి ఊహ తెరంతా ఆక్రమిస్తుంది, చేతులు మాత్రం నరకడం మానవు. ఆ ఒక్క అధ్యాయం మీదే ఒక సెమిస్టరు నడపవచ్చు.

అయినా ఆ రెండూ వద్దనుకున్నాను. వాటిలో వచనం పుష్కలంగా ఉంది. మా విద్యార్థులు ఆ వచనాన్ని పట్టుకుని, మిగతా ఆటను అట్ట బొమ్మలా పక్కన పెట్టేస్తారన్నది నా భయం. నాకు కావలసింది వచనం బాగా తక్కువగా ఉండి, కథ మాత్రం దండిగా ఉన్న ఆట. అందుకే లూకస్ పోప్ దాదాపు ఒంటరిగా తయారుచేసి 2013లో విడుదల చేసిన 'పేపర్స్, ప్లీజ్'.

ఆడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. 1982 నవంబరు. ఆర్‌స్టోట్స్‌కా అనే కల్పిత కమ్యూనిస్టు దేశం పొరుగు దేశం కోలేచియాతో ఆరేళ్ల యుద్ధం ముగించి, గ్రెస్టిన్ అనే సరిహద్దు పట్టణంలో తన సగాన్ని తిరిగి దక్కించుకుంది. ఉద్యోగ లాటరీలో మీ పేరు వచ్చింది: సరిహద్దు తనిఖీ గదిలో ఇన్‌స్పెక్టరు పని. వరసలో మనుషులు వస్తారు. పాస్‌పోర్టు తీసుకోవాలి, నిబంధనల పుస్తకంతో సరిచూడాలి, పచ్చ స్టాంపో ఎర్ర స్టాంపో వేయాలి. సరిగ్గా తేల్చిన ఒక్కొక్కరికీ 5 క్రెడిట్లు. తప్పు చేస్తే గరగరమంటూ ఒక మెమో అచ్చయి బల్ల మీద పడుతుంది. రోజులో మొదటి రెండు మెమోలు హెచ్చరికలే. మూడోదాని నుంచి జీతంలో కోత. సాయంత్రం ఆరింటికి గది మూసి ఇంటి లెక్క చూసుకోవాలి: అద్దె, తిండి, చలికి వెచ్చదనం, మందులు. డబ్బు చాలకపోతే ఏది మానుకోవాలో తేల్చాల్సింది మీరే.

ఇన్‌స్పెక్టరుకు పేరు లేదు. ఇంట్లోవాళ్లకూ లేదు. భార్య, కొడుకు, అత్తగారు, ఇంకా ఒక 'అంకుల్'. ఆ నాలుగో మనిషిని మా విద్యార్థుల్లో కొందరు బాబాయి అన్నారు, కొందరు మామయ్య అన్నారు, ఒకరు పెదనాన్న అన్నారు. మన భాష వరస తేల్చకుండా చుట్టాన్ని ఇంట్లోకి రానివ్వదు కదా. ఆట మాత్రం వాళ్లను సాయంత్రం లెక్కలో ఒక్కో పంక్తిగా చూపించి ఊరుకుంటుంది: ఆకలి, చలి, జబ్బు. పోషించలేకపోతే ఒక పంక్తి పోతుంది.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ ఆటలో మాట కూడా కాగితమే. ఎదుటి మనిషితో జరిగే సంభాషణ అంతా అక్షరాల్లో అచ్చయి బల్ల మీదికి వస్తుంది. "ఎన్నాళ్లుంటారు?" అన్న ప్రశ్నకు "రెండు వారాలు" అని చెప్పి, పర్మిట్‌లో రెండు నెలలని ఉంటే, ఆ రెండు చోట్లా వేలు పెట్టి తేడా పట్టుకోవాలి. నవలలో సంభాషణను పాత్ర స్వభావం కోసం చదువుతాం. ఇక్కడ తప్పు దొరుకుతుందేమోనని చదువుతాం. ఇలా చదవడానికి అలవాటు పడిన కన్ను తర్వాత ఏం చేస్తుందో చూడబోతున్నాం.

పాత తగాదాతో రెండు వారాలు వృథా

సెమినార్‌ను నేను సిద్ధాంతంతో మొదలుపెట్టాను. ఇది నా మొదటి తప్పు. గేములను కథలుగా చదవాలా, ఆటలుగానే చూడాలా అన్నది ఆ తగాదా. 1997లో జానెట్ మర్రే, ఎస్పెన్ ఆర్సెత్ అనే ఇద్దరు పరిశోధకులు చెరొక పుస్తకం వెలువరించారు. మర్రే కంప్యూటర్‌లో కొత్త కథన రూపం పుడుతోందని చూసింది. ఆర్సెత్ కథ అన్న మాటను పక్కన పెట్టి, పాఠకుడు గట్టిగా శ్రమపడితే తప్ప దాటలేని పాఠాలకు (టెక్స్టులకు) 'ఎర్గోడిక్' అని పేరు పెట్టాడు. గ్రీకులో పని, దారి అనే రెండు మాటల కలయిక అది. 2001లో ఆర్సెత్ సంపాదకుడిగా 'గేమ్ స్టడీస్' పత్రిక మొదలైంది. తొలి సంచికలోనే మరో పరిశోధకుడు మార్కు ఎస్కెలినెన్, బంతి విసిరితే అది కథ చెబుతుందని ఎవరూ చూస్తూ కూర్చోరని ఎద్దేవా చేశాడు. టెట్రిస్ ముక్కలు పేర్చడంలో తీరిక లేని అమెరికన్ జీవితాన్ని చూసిన మర్రే వ్యాఖ్యానం ఆయనకు అసలు మింగుడుపడలేదు. 2003లో గేమ్ పరిశోధకుడు గొంజాలో ఫ్రాస్కా ఈ తగాదా నిజానికి జరగనేలేదన్నాడు. 2005లో మర్రే ఇదే ఆఖరి మాట అంటూ ఒక ప్రసంగం చేసింది.

విద్యార్థులు శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు. రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నారు కూడా. అప్పటికి ఒక్కరూ ఆట తెరవలేదు. వంట రాని ఇంట్లో ఉప్పు ముందా పులుపు ముందా అన్నట్టుంది వ్యవహారం. ఆ రెండు వారాలకూ విలువ లేదని కాదు. ఆర్సెత్ చెప్పిన 'పని' అన్న మాట చివరికి మాకు బాగా పనికొచ్చింది. కానీ అది చేతుల్లోకి రావలసిన మాట, నోట్సులోకి కాదు.

మొదటి వ్యాసాలు

తర్వాత మూడు వారాల గడువు ఇచ్చి, ఆట పూర్తిచేసి వ్యాసం రాయమన్నాను. 31 రోజుల కథ, 20 ముగింపులు. ఎవరికి ఏ ముగింపు వచ్చినా సరేనన్నాను. ప్రశ్న ఇది: 'ఈ ఆట ఏం చెబుతోంది?'

14 వ్యాసాలు వచ్చాయి. నిరంకుశ రాజ్యం, చట్టానికీ మానవత్వానికీ సంఘర్షణ, వ్యవస్థలో చిన్న మనిషి. భాష చక్కగా ఉంది, వాదన నడిచింది, కాఫ్కా ప్రస్తావన సకాలంలో వచ్చింది. అయితే ఏ వ్యాసాన్నైనా ఆట పేరు తీసేసి ఏదో ఒక నవల పేరు పెట్టి చదువుకోవచ్చు. వస్తువు గురించి పేజీలకు పేజీలు, శిల్పం గురించి దాదాపు శూన్యం. కొందరు ఫ్రెంచ్ కథన సిద్ధాంతవేత్త జెనెట్ పరిభాష తెచ్చి కాలక్రమం, వ్యవధి, పునరావృత్తి అని మూడు ఉపశీర్షికలు పెట్టారు గాని, ఆ శీర్షికల కింద రాసింది కథాసారాంశమే. స్టాంపు చప్పుడు ఒక్క వ్యాసంలోనూ లేదు. బల్ల ఇరుకుగా ఉంటుందని, కాగితాలు ఒకదాని మీద ఒకటి పడి అసలు తేదీ కనబడక విసుగు పుడుతుందని ఒక్కరూ రాయలేదు. వాళ్లు గంటల తరబడి చేసింది మాత్రం అదే పని.

తప్పు నా ప్రశ్నలో ఉంది. 'ఏం చెబుతోంది' అని అడిగితే వాచ్యం చేస్తారు, అంటే సారాన్ని మామూలు మాటల్లో చెప్పేస్తారు. అంతకన్నా ఏం చేయగలరు? కవితను వాచ్యం చేస్తే ఊరుకోని నేనే, ఆట విషయంలో వాళ్ల చేత ఆ పని చేయించాను.

డైరీ

రెండోసారి అందరినీ మొదటి రోజు నుంచి మళ్లీ ఆడమన్నాను. ఈసారి వ్యాసం లేదు. ఆటలో ఒక్కో రోజు ముగిశాక, తర్వాతి రోజు మొదలుపెట్టేలోగా, నాలుగైదు వాక్యాలు తెలుగులో రాయాలి. ఎంత మిగిలింది, నిబంధనకు విరుద్ధంగా ఎవరిని పంపారు లేదా ఆపారు, చెయ్యి చేసిన పని ఏదైనా ఒకటి. మార్కులు లేవు. నలుగురికి ఈసారి ఆడే వీలు లేకపోవడంతో వాళ్లు ఇతరులు ఆడిన రికార్డింగులు చూసి అదే డైరీ రాశారు. ఇది పథకం ప్రకారం చేసింది కాదు, సౌకర్యం లేక చేసింది. తర్వాత చూస్తే ఈ సర్దుబాటే చాలా విలువైనదని తేలింది.

అందరి డైరీలూ ఒకచోట పెట్టి చూడటానికి ఒక సన్నివేశం ఎంచుకున్నాను. వరసలో ఒక మగమనిషి వస్తాడు, కాగితాలన్నీ సవ్యంగా ఉంటాయి. వెళ్తూ, నా వెనకే నా భార్య వస్తోంది, కాస్త దయచూడండి అంటాడు. ఆమె వస్తుంది. ప్రవేశ పర్మిట్ లేదు. అడిగితే, ఇవ్వలేదని, వెనక్కి తన దేశం ఆంటెగ్రియాకు వెళ్తే చంపేస్తారని చెబుతుంది. రెండు మూడు వాక్యాలు, అంతే. ముఖం మీద కన్నీళ్లు లేవు, నేపథ్య సంగీతం లేదు. కింద బల్ల మీద పాస్‌పోర్టు, పైన గడియారం.

ఇదే సన్నివేశం కథానికలో అయితే దయ ఒకే ధరకు దొరుకుతుంది. ఆటలో అలా కాదు. ఆ రోజు అప్పటికి ఒక్క మెమో కూడా రానివాళ్లు ఆమెను పంపినా జీతంలో కోత లేదు, ఒక హెచ్చరిక తప్ప. రెండు హెచ్చరికలూ వాడేసుకున్నవాళ్లకు ఆమెను పంపడం అంటే జీతంలో కోత, అంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికో ఏదో లేకపోవడం. ఆమె మాటలు అందరికీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. వాటి బరువు మాత్రం ఆ మధ్యాహ్నం దాకా ఎవరి వేళ్లు ఎంత జాగ్రత్తగా పనిచేశాయన్న దాని మీద ఆధారపడి ఉంది. రచయిత రాయని, రాయలేని ఒక పూర్వకథ ప్రతి ఆటగాడికీ వేరుగా తయారై ఆ సన్నివేశం వెనక నిలబడింది.

ఒక విద్యార్థి రాసింది చూడండి: "రెండు వార్నింగులు అయిపోయాయి. ఈమె ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బాగుండేది." ఇందులో క్రూరత్వం లేదు, దయ కూడా ఉంది, కానీ ఆ దయకు వేళలున్నాయి. మొదటి విడతలో ఇదే విద్యార్థి 'మానవత్వపు పతనం' మీద ఆరు పేజీలు రాశాడు. ఆరు పేజీలకన్నా ఈ రెండో వాక్యం ఎక్కువ చెప్పింది.

ఇంకొక విద్యార్థిని ఆ రోజు డైరీలో ఆ జంట ప్రస్తావనే లేదు. అడిగాను. వెతుక్కుని చూసి, "పర్మిట్ లేని ఒకావిడ. ఏదో అంది. చదవలేదు. ఎర్ర స్టాంపు" అని తర్వాత చేర్చింది. ఆ ఆటలో అందరికన్నా వేగంగా పనిచేసింది ఆమే. ఎవరికీ మిగలనంత డబ్బు మిగిల్చింది. సన్నివేశం తన ముందుకు వచ్చి, తను గమనించకుండానే వెళ్లిపోయింది. పుస్తకంలో పేజీ దాటేసిన పాఠకురాలితో దీన్ని పోల్చబోయాను గాని కుదరలేదు. పేజీ దాటేస్తే కథలో ఎవరికీ నష్టం లేదు.

క్రియలు

ఇక మొదట చెప్పిన "జరిగింది" దగ్గరికి వస్తాను.

ఆట కొన్ని రోజులు సాగాక కాలెన్స్క్ అనే కాపలా సైనికుడు ఒక బేరం పెడతాడు. అనుమానాస్పదులను ఊరికే వెనక్కి పంపకుండా నిర్బంధిస్తే తనకు బోనస్ వస్తుందట, అందులో మీకు వాటా ఇస్తాడట. అప్పటి నుంచి తప్పుడు కాగితం పట్టుకుని వచ్చిన మనిషి రెండు రకాలుగా కనిపిస్తాడు: తిప్పి పంపవచ్చు, లోపల వేయించవచ్చు. రెండోది డబ్బు. నిబంధన రెండింటినీ ఒప్పుకుంటుంది.

ఆడిన పదిమంది డైరీల్లో ఏడింటిలో దాదాపు ఇక్కడే వ్యాకరణం మారింది. మారిన తీరు ఒకేలా లేదు. ముగ్గురు "నేను" నుంచి "ఇన్‌స్పెక్టరు"కు జారారు: "ఇవాళ ఇన్‌స్పెక్టరు నలుగురిని పట్టించాడు." ఉత్తమ పురుష పోయి ప్రథమ పురుష వచ్చింది. (మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే 'వాడు' అని ప్రతి ఏడాదీ గుర్తుచేయాల్సి వస్తోంది.) నలుగురు కర్తనే వదిలేశారు: "అదుపులోకి తీసుకోవడం జరిగింది", "లోపలికి పంపబడ్డారు". ఇంటి లెక్క రాసేటప్పుడు మాత్రం అందరూ మళ్లీ "నేను"లోకి వచ్చేశారు: "కొడుక్కి మందు కొన్నాను." ఒకే పేజీలో పై సగం ఎవరో చేసింది, కింది సగం తను చేసింది.

రికార్డింగు చూసిన నలుగురి డైరీల్లో ఈ మార్పు లేదు. వాళ్లు మొదటి నుంచీ "అతను" అనే రాశారు, మొదటి నుంచీ తీర్పు చెప్పారు. "డబ్బు కోసం అమాయకులను పట్టించాడు" అన్నది వాళ్ల వాక్యం. తప్పు పట్టలేం, వాళ్లకు కనిపించింది అదే. కథ ఒకటే, సంఘటనలు ఒకటే, కథనం మాత్రం వేరు. ఆడేవాడి కథనంలో ఉన్నది, చూసేవాడికి అందనిది ఏమిటంటే ఈ దాగుడుమూతలే.

ఇక్కడ నా వాదన చెప్పాలి. ఈ ఆటలో కథకుడు తెర మీద లేడు. ఆట ఎక్కడా "నువ్వు దిగజారుతున్నావు" అనదు. మెమోలు, లెక్క, గడియారం తప్ప దానికి గొంతు లేదు. ఆ గొంతును ఆటగాడు తనంతట తాను తయారుచేసుకుంటాడు, తయారుచేసుకునే తీరును ఆట జీతం లెక్కతో నడిపిస్తుంది. ఇది మధ్యమ పురుష కథనం అని చాలామంది అంటారు. నాకు అలా అనిపించదు. మధ్యమ పురుషలో "నువ్వు" అని పిలిచేవాడు ఒకడు ఉండాలి. ఇక్కడ పిలిచేవాడు లేడు, పలికేవాడే ఉన్నాడు, వాడు తన వాక్యంలోంచి తనే తప్పించుకుంటున్నాడు. కార్యాలయాల భాష ఎందుకు అలా ఉంటుందో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నారు, ఆ భాష వచ్చింది.

అభ్యంతరాలు

తోటి అధ్యాపకుడొకరు ఈ డైరీలు చూసి, "బాగుంది, కానీ ఇది పాఠకుల మనస్తత్వం, కృతి విశ్లేషణ కాదు" అన్నారు. సగం నిజం. డైరీని కృతిగా చెలామణి చేయలేను. అయితే ఆడకపోతే ఆ కృతి సంఘటనగా మారదు. డిస్కులో ఉన్నది నిబంధనలు, బొమ్మలు, కొన్ని ముందే రాసిన ఘట్టాలు. వరసలో వచ్చే మనుషుల్లో చాలామందిని యాదృచ్ఛికంగా ఆటే పుట్టిస్తుంది. నా వరస మీ వరస కాదు. చేత్తో గీసిన పాస్‌పోర్టుతో, లేని దేశం కోబ్రస్తాన్ నుంచి వచ్చానంటూ నవ్వుతూ నిలబడే జోర్జీ లాంటివాళ్లు మాత్రం అందరికీ వస్తారు. అతనికి ముందూ వెనకా ఎవరు వచ్చారన్నది మారిపోతుంది. నాటకం ప్రతి ఒకటి, ప్రదర్శన ఒకటి అని చదువుకున్నవాళ్లకు ఇది మరీ వింత కాదు. కాకపోతే ఇక్కడ నటుడూ ప్రేక్షకుడూ ఒకడే, రాసిపెట్టుకోకపోతే ప్రదర్శన ఆనవాలు కూడా మిగలదు.

రెండో అభ్యంతరం నాదే. నేను చదువుతానని తెలిసి డైరీలు రాస్తే మంచితనం ఒలకబోస్తారు. మొదటి కొన్ని రోజుల డైరీల్లో ఆ వాసన స్పష్టంగా ఉంది. రోజులు గడిచేకొద్దీ, పని పెరిగేకొద్దీ తగ్గింది. క్రియలు చూస్తానని ముందు చెప్పలేదు, నిజానికి నాకే తెలియదు. చూశాక వాళ్లకు చెప్పి, వాడుకోవడానికి అనుమతి అడిగాను. ఒకరు వద్దన్నారు, ఆ డైరీలోని వాక్యం ఏదీ ఇక్కడ లేదు.

మూడోది చాలా ఆసక్తికరమైనది, దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక విద్యార్థినికి మౌస్‌తో వేగంగా పనిచేయడం కష్టం. ఆమె సులభ స్థాయిలో ఆడింది. అందులో మిగతా అంతా అదే, రోజుకు 20 క్రెడిట్లు అదనంగా వస్తాయి. ఆమె డైరీలో చివరి దాకా "జరిగింది" లేదు. కాలెన్స్క్ బేరానికి "అక్కర్లేదు" అని ఒక్క ముక్కలో రాసి పక్కన పెట్టేసింది. 20 క్రెడిట్లు ఒక మనిషి వచనాన్ని మార్చాయా, లేక ఆమె వచనమే అంతా? ఒక్క డైరీతో సిద్ధాంతం కట్టను. కానీ నవలకు సులభ స్థాయి అంటూ ఉంటే దాన్ని వేరే ప్రతిగా లెక్కిస్తామా లేదా అన్న ప్రశ్న అప్పటి నుంచి వదలడం లేదు. పాఠ పరిష్కర్తలు పాఠాంతరాలను అక్షరాల్లో వెతుకుతారు. ఇక్కడ పాఠాంతరం జీతంలో ఉంది.

ఉటంకింపు ఎలా

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఎక్కువ తలనొప్పి తెచ్చింది ఇదే. మూల్యాంకన సంఘం వాళ్లు "పుట సంఖ్య ఏది?" అని అడిగారు. వాళ్లను వెక్కిరించాలనిపించింది గాని అడిగింది న్యాయమే. పరిశోధనలో ఒకరు చూపిన చోటును మరొకరు వెళ్లి చూడగలగాలి.

మేం చివరికి స్థిరపరచుకున్న పద్ధతి ఇది: ఆటలో రోజు సంఖ్య, ఘట్టం ముందే రాసిందా యాదృచ్ఛికమా, ఆడిన యంత్రం, శాఖ. యంత్రం ఎందుకంటే ఈ ఆట 2022లో ఫోన్లకూ వచ్చింది. వేలితో కాగితం జరపడం, మౌస్‌తో జరపడం ఒకటి కాదు, తెర ఇరుకు ఒకటి కాదు. బల్ల ఇరుకు గురించి వాదించే వ్యాసం ఏ బల్లో చెప్పాలి. శాఖ అంటే, ఈ ఆట ప్రతి రోజునూ విడిగా దాచిపెడుతుంది. వెనక్కి వెళ్లి ఏ రోజు నుంచైనా మళ్లీ ఆడితే పాతది చెరిగిపోదు, పక్కన కొత్త కొమ్మ మొలుస్తుంది. కొట్టివేతలు లేని చిత్తుప్రతి అనుకోండి. ఏ కొమ్మ గురించి మాట్లాడుతున్నారో చెప్పకపోతే ఇద్దరు విమర్శకులు ఒకే ఆట పేరుతో రెండు కథల గురించి పోట్లాడుకుంటారు.

ఈ 'శాఖ' అన్న నియమం కాగితం మీద పెట్టించింది ఎర్ర స్టాంపు విద్యార్థిని. తను ఆ భార్య మాటలు చదవలేదని తెలిశాక, ఎవరూ చెప్పకుండానే ఆ రోజుకు వెనక్కి వెళ్లింది. ఈసారి చదివింది, ఆమెను పంపింది, మెమో తీసుకుంది. డైరీలో రాసింది: "పంపాను. కానీ ఈసారి ఆమె ఏం చెబుతుందో నాకు ముందే తెలుసు."

చివరి వ్యాసానికి ఏ శాఖను తీసుకుంటావని అడిగాను. రెండోది తీసుకుంటుందనే అనుకున్నాను. అందులో చదవడం ఉంది, దయ ఉంది, రాయడానికి బోలెడు ఉంది. ఆమె మొదటిదాన్నే తీసుకుంది. తను చదవని మూడు వాక్యాల మీద పన్నెండు పేజీలు రాసింది. మొదటి ఉటంకింపు పక్కన ఆమె పెట్టిన గుర్తు ఇలా ఉంది: ముందే రాసిన ఘట్టం, కంప్యూటర్, మొదటి శాఖ, చదవబడలేదు.

ఆ ఆఖరి మాట కింద పెన్సిలుతో గీత గీసి, "ఎవరు చదవలేదు?" అని రాశాను. కాగితం తిరిగొచ్చినప్పుడు దాన్ని కొట్టేసి "చదవలేదు, నేను" అని దిద్దింది.